మిద్దె మీద ఏ వాల్వు ఉండాలి? షవర్ విప్పే ముందు నీళ్లు నిలపడానికి నాలుగు రకాల వాల్వుల పరిశీలన

షవర్ కారుతోందంటే ఇంట్లో అందరి చూపూ షవర్ మీదే ఉంటుంది. పని తెలిసినవాళ్లు మాత్రం ముందు మిద్దె ఎక్కుతారు. తొట్టి దగ్గర వాల్వు సరిగ్గా మూతపడే ఇంట్లో రోజ్ (నీళ్లు జల్లుగా పడే రంధ్రాల బిళ్ల) విప్పి సున్నం రాల్చడం, ఆర్మ్ (గోడలోంచి వచ్చి రోజ్‌ను మోసే పైపు) మరలకు కొత్త టేపు చుట్టడం, కొళాయి లోపలి కార్ట్రిడ్జ్ మార్చడం, ఏదైనా అరగంట పనే. వాల్వు మూతపడని ఇంట్లో సగం విప్పిన పైపులోంచి నీళ్లు చిమ్ముతుంటే ఒకరు గుడ్డ అదిమిపట్టుకోవాలి, ఇంకొకరు తొట్టి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. అందుకే షవర్ల గురించి కాకుండా, షవర్ పనికి ముందు నీళ్లు నిలిపే వాల్వుల గురించి ఇక్కడ రాస్తున్నాం.

కర్నూలు, కడప, అనంతపురం హార్డ్‌వేర్ అంగళ్లలో ఇళ్లకని అడిగితే ముందుకొచ్చేవి నాలుగు రకాలు. చక్రం తిప్పే ఇత్తడి గేట్ వాల్వు, పిడి తిప్పే ఇత్తడి బాల్ వాల్వు, సీపీవీసీ లేదా యూపీవీసీ అనే ప్లాస్టిక్ రకాల బాల్ వాల్వు, బాత్రూం గోడలో దాగి ఉండే కన్సీల్డ్ స్టాప్ కాక్. బిగించిన రోజున నాలుగూ బాగానే మూతపడతాయి. మేం చూసింది అది కాదు. ఐదారేళ్లు ఎవరూ ముట్టకుండా వదిలేసిన వాల్వు, అవసరం పడ్డ రోజున చుక్క రాకుండా మూతపడుతుందా? బోరు నీళ్ల సున్నం, ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద కాసే ఎండ, రెండూ ఉన్న మన ఊళ్లలో వాల్వుకు ఇదే అసలు పరీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. తొట్టి దగ్గర ఫుల్ బోర్ (లోపలి రంధ్రం పైపు దారంత ఉండే) ఇత్తడి బాల్ వాల్వు, దాని పక్కనే ఒక యూనియన్, అంటే పైపు కోయకుండా నట్టు విప్పి వాల్వు తీయగలిగే జాయింటు. ప్రతి బాత్రూంలో చన్నీళ్ల లైనుకు ఒకటి, వేన్నీళ్ల లైనుకు ఒకటి కన్సీల్డ్ స్టాప్ కాక్. డబ్బు చాలకపోతే తొట్టి దగ్గర సీపీవీసీ బాల్ వాల్వు పెట్టి దానికి నీడ కల్పించాలి. గేట్ వాల్వు మాత్రం ఇంటికి కొత్తగా కొనొద్దు.

గేట్ వాల్వు మీద ఇంత కఠినంగా ఎందుకు చెబుతున్నామో వివరంగా చూడాలి, ఎందుకంటే పాత ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి అవే. దాని లోపల ఒక ఇత్తడి పలక ఉంటుంది. చక్రం తిప్పితే ఆ పలక మర కడ్డీ మీద కిందికి దిగి దారికి అడ్డుపడుతుంది. తెరిచినప్పుడు పూర్తిగా పైకి పోతుంది కాబట్టి ధార ఏమాత్రం తగ్గదు. మంచి గుణం అదొక్కటే. పలక దిగి కూర్చోవాల్సిన గాడి అడుగున ఉంటుంది. ఏళ్ల తరబడి తెరిచే ఉంచిన వాల్వులో సున్నం, తొట్టి అడుగు మట్టి, పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు తుప్పు అన్నీ చేరేది ఆ గాడిలోనే. చక్రం ఎంత బిగించినా పలక అడుగుకు అందక, ఒకటి రెండు మిల్లీమీటర్ల పైనే ఆగిపోతుంది. చేతికి గట్టిగా తగిలింది కదా, మూతపడిందిలే అనుకుంటాం. షవర్ విప్పాక సన్నటి ధార ఆగదు.

ఇప్పటికే గేట్ వాల్వు ఉన్న ఇంట్లో దాన్ని మూసే పద్ధతి ఒకటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు, చేత్తోనే తిప్పాలి. బిగుసుకుంటే అర చుట్టు మూసి, పావు చుట్టు తెరిచి, మళ్లీ అర చుట్టు మూస్తూ పోవాలి. చివరికి వచ్చాక కింద బాత్రూంలో ఒక కొళాయి పూర్తిగా వదిలిపెట్టి, వాల్వును కొంచెం తెరిచి అర నిమిషం ఉంచాలి. పలక కింది సన్నని సందులోంచి నీళ్లు వేగంగా పోతూ గాడిలోని మట్టిని తోసుకుపోతాయి. అప్పుడు మూస్తే చాలాసార్లు పూర్తిగా కూర్చుంటుంది. రెండు మూడు సార్లు చేసినా ధార ఆగకపోతే గాడిలో ఉన్నది గట్టిపడిన సున్నం, అది ఈ పద్ధతికి లొంగదు. ఆ వాల్వు మార్చాల్సిందే.

పైపు రెంచి వేసి చక్రాన్ని బలవంతంగా తిప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కడ్డీ విరుగుతుంది, లేదా కడ్డీ నుంచి పలక ఊడి మూసిన చోటే ఉండిపోతుంది. చక్రం ఊరికే తిరుగుతుంది, ఇంట్లోకి చుక్క నీరు రాదు. షవర్ కోసం మొదలుపెట్టిన పని తొట్టి ఖాళీ చేసి పైపు కోసే దాకా పోతుంది. చాలాకాలం తర్వాత తిప్పినప్పుడు కడ్డీ మొదట్లో నాలుగు చుక్కలు కారడం మామూలే. కడ్డీ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్టును పావు చుట్టు బిగిస్తే ఆగుతుంది. ఆగకపోతే, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు నట్టు విప్పి, టెఫ్లాన్ టేపును దారంలా పురిపెట్టి కడ్డీ చుట్టూ రెండు మూడు చుట్లు వేసి మళ్లీ బిగించాలి. పని అయ్యాక గేట్ వాల్వును పూర్తిగా తెరిచి అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచితే, పైన బిగుసుకుపోకుండా ఉంటుంది. కొనక తప్పని చోట, అంటే పాత జీఐ లైనులో అదే కొలతకు మార్చాల్సి వస్తే, ఐఎస్ 778 (ఇలాంటి వాల్వుల భారత ప్రమాణం) అంకె, ఐఎస్‌ఐ గుర్తు వాల్వు ఒంటి మీద అచ్చుపోసి ఉన్నాయో లేదో చూడాలి.

ఇక ఇత్తడి బాల్ వాల్వు. లోపల అడ్డంగా రంధ్రమున్న బంతి, దానికి రెండు వైపులా టెఫ్లాన్ సీట్లు. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో తడిమి చూసినా తెలిసిపోతుంది, మూతపడిందా లేదా అన్న సందేహం ఉండదు. బంతి తిరిగేటప్పుడు సీటు అంచు దాన్ని తుడుస్తూ పోతుంది, మట్టి కూర్చోవడానికి కింద గాడి లేదు. అందుకే మన నీళ్లకు ఇది సరిపోయింది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఉన్నాయి. మొదట వాల్వు తెరిచి కంటికి ఎదురుగా పట్టుకోవాలి. బంతి రంధ్రం పైపు లోపలి దారితో సమానంగా కనిపిస్తే అది ఫుల్ బోర్. చవక రకాల్లో బయట ముప్పావు అంగుళమని రాసి ఉంటుంది, లోపల రంధ్రం అరంగుళమే ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒక అంతస్తు ఇంట్లో తొట్టికీ షవర్‌కూ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే. అంటే 0.2, 0.3 బార్. అంత తక్కువ ఒత్తిడిలో దారి ఎక్కడ సన్నబడినా షవర్ నుంచి నీళ్లు జారుతాయే గానీ జల్లులా రావు. నీళ్లు నిలపడానికి పెట్టిన వాల్వే షవర్‌ను పాడుచేసినట్టవుతుంది.

రెండోది అయస్కాంతం. అంగడికి పోయేటప్పుడు చిన్న ముక్క ఒకటి వెంట ఉంచుకోండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. వాల్వు ఒంటికి గానీ, లోపలి బంతికి గానీ అంటుకుంటే అది క్రోమ్ పూత పూసిన ఇనుము. పూత లేచిన చోట తుప్పు పట్టి, బంతి గరుకై, తిప్పిన ప్రతిసారీ టెఫ్లాన్ సీటును గీస్తుంది. రెండేళ్లకే మూసినా చెమ్మ ఆగదు. పిడికి అంటుకుంటే మాత్రం వాల్వును తిప్పి పంపనక్కర్లేదు, పిడి విడిగా మార్చుకోవచ్చు. మూడోది బరువు. ఒకే కొలత ఉన్న రెండు రకాల్ని రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. తేలికగా ఉన్నదాని మరలు పలచగా ఉంటాయి, బిగించేటప్పుడు చీలుతాయి.

బిగించేటప్పుడు పానా ఏ చివర వేస్తున్నామన్నది ముఖ్యం. చాలా ఇత్తడి బాల్ వాల్వులు రెండు ముక్కలుగా మర పెట్టి కలిపినవే. పైపు ఎక్కుతున్న చివర ఉన్న ఆరు పలకల మీదే పానా పడాలి. అవతలి చివర పట్టుకుని తిప్పితే వాల్వు నడుమ మర కదిలి, కొత్త వాల్వే నడుములోంచి కారడం మొదలుపెడుతుంది. అప్పుడు వాల్వు పాడైందని అంగడికి తెస్తారు, తప్పు వాల్వుది కాదు.

దీనికీ లోపాలున్నాయి. సగం తెరిచి ధార తగ్గించుకోవడానికి వాడితే సీటు అంచు ఒకవైపే కోసుకుపోతుంది, ఆ తర్వాత పూర్తిగా మూతపడదు. ఏళ్ల తరబడి కదపకపోతే బంతి మీద కూడా సున్నం పొర కడుతుంది. రెండు మూడు నెలలకోసారి మూసి తెరిస్తే ఆ పొర గట్టిపడదు. తొట్టి కడిగించే రోజున తిప్పడం అలవాటు చేసుకుంటే మరిచిపోరు. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో పిడిని ఒక్క ఊపున మూస్తే పైపులు దడదడలాడతాయి, జాయింట్లకు అది మంచిది కాదు. మెల్లగా తిప్పాలి.

ప్లాస్టిక్ బాల్ వాల్వుకు రేటు బాగా తక్కువ, తుప్పు సమస్య లేదు, సీపీవీసీ లైనులో మరలు లేకుండా సొల్యూషన్‌తో అతుక్కుంటుంది. శత్రువు ఎండ. మిద్దె మీద నేరుగా ఎండ తగిలే చోట కొన్నేళ్లకు పిడి పెళుసుబారి, తిప్పబోతే విరిగి చేతికొస్తుంది. లోపల మిగిలిన కడ్డీ కొసను కటింగ్ ప్లయర్‌తో తిప్పి ఆ పూటకు గడుపుకోవచ్చు గానీ వెంటనే మార్చాలి. మీద పాత పైపు ముక్క చీల్చి తొడిగినా, ఇటుకలు పేర్చి బండ కప్పినా వాల్వు ఎక్కువ కాలం మన్నుతుంది. తెల్లటి యూపీవీసీ వాల్వును వేన్నీళ్ల లైనులో ఎప్పుడూ పెట్టకూడదు, వేడికి వంగిపోతుంది. లేత పసుపు రంగు సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. రెండింటి సొల్యూషన్లు కూడా వేరు, ఒకదానిది ఇంకొకదానికి వాడితే జాయింటు నిలవదు. సొల్యూషన్ పైపు మీద నిండుగా, వాల్వు గుంతలో పలచగా రాయాలి. గుంతలో ఎక్కువ పోస్తే లోపలికి కారి బంతిని అతికించేస్తుంది. పైపు ఎక్కిస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం అదిమి పట్టుకోవాలి. నీళ్లు వదలడానికి డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి, వీలైతే రాత్రంతా ఆరనివ్వడం మేలు.

ప్లాస్టిక్ కావాలనుకునేవాళ్లు రెండు వైపులా యూనియన్ నట్లున్న రకం అడగండి. మామూలు దానికన్నా రేటు ఎక్కువే, అయినా పాడైన రోజు పైపు కోయకుండా నట్లు విప్పి కొత్తది పెట్టొచ్చు. ఇత్తడి వాల్వును సీపీవీసీ లైనులో కలపాలంటే ఇత్తడి మరలున్న అడాప్టర్లే వాడాలి. ఎఫ్ఏబీటీ, ఎంఏబీటీ అని అడిగితే అంగట్లో అవే ఇస్తారు. ప్లాస్టిక్ మరలో ఇత్తడిని బిగిస్తే ఎండకు వ్యాకోచించి చీలిక వస్తుంది.

కన్సీల్డ్ స్టాప్ కాక్ లాభం వేరు. ఒక బాత్రూం నీళ్లు మాత్రమే ఆగుతాయి, వంటింట్లో పని నడుస్తూనే ఉంటుంది, మిద్దె ఎక్కే పని లేదు. జాక్వార్, సెరా, హింద్‌వేర్, ప్యారీవేర్ వంటి కంపెనీలన్నీ అరంగుళం, ముప్పావు అంగుళం కొలతల్లో చేస్తున్నాయి. పాత పద్ధతివి రబ్బరు వాషరుతో పలు చుట్లు తిరుగుతాయి, కొత్తవి సిరామిక్ పలకల కార్ట్రిడ్జ్‌తో పావు చుట్టు తిరుగుతాయి. మన నీళ్లకు ఏది మంచిదని అడిగితే, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లకు వాషరు రకమే అంటాం. వాషరు కొన్ని రూపాయలకే దొరుకుతుంది, ఏ అంగట్లో అయినా ఉంటుంది. సిరామిక్ పలకల మధ్య ఇసుక రేణువు పడితే గీత పడుతుంది, కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ ఇంకో కంపెనీ దానిలో పట్టదు. నది నీళ్లు వచ్చే ఇంట్లో, తొట్టిలో మట్టి లేకుండా చూసుకుంటే సిరామిక్ రకం హాయిగా నడుస్తుంది. గోడలో పెట్టేటప్పుడు టైల్స్ మందం లెక్కేసుకోకపోతే కాక్ లోతుకు పోయి పిడి అందదు. అందుకు ఎక్స్‌టెన్షన్ ముక్క విడిగా అమ్ముతారు. టైల్స్ వేసే ముందే నీళ్లు నింపి జాయింట్లు పరీక్షించాలి, ఎందుకంటే గోడలో కారితే తెలిసేసరికి అవతలి గది సున్నం ఉబ్బి ఉంటుంది.

వాల్వు ఎంత మంచిదైనా సరైనది మూయకపోతే లాభం లేదు. మిద్దె మీద మూడు నాలుగు లైన్లు పక్కపక్కన దిగుతుంటాయి, వంటిల్లు, బాత్రూం, టాయిలెట్, సోలార్. ఏది దేనిదో ఒకసారి కనుక్కుని వాల్వు పక్కన ఆయిల్ పెయింటుతో రాసిపెట్టాలి. మార్కరు రాత ఒక్క ఎండాకాలానికే చెరిగిపోతుంది.

విప్పే ముందు వరస ఇది. మొదట గీజరు స్విచ్ కట్టేసి, వేన్నీళ్ల కొళాయి వదిలి, గోరువెచ్చగా వచ్చేదాకా పోనివ్వాలి. 15 లీటర్ల గీజరైతే ఇంచుమించు ఒక బకెట్టు. 60 డిగ్రీల నీళ్లు చేతిమీద పడితే నాలుగైదు సెకన్లలోనే కాలుతుంది. పైగా గీజరు ఇన్‌లెట్ దగ్గరి సేఫ్టీ వాల్వు పాడై ఉంటే, మిద్దె మీద లైను మూసి కింది కొళాయి వదిలినప్పుడు గీజరులోని నీళ్లు చన్నీళ్ల పైపులోకి వెనక్కి జారిపోతాయి. స్విచ్ వేసి ఉంటే నీళ్లు లేని గీజరులో ఎలిమెంటు మాడుతుంది. ప్రెషర్ పంపు ఉంటే దాని స్విచ్ కూడా కట్టేయాలి. లైనులో ఒత్తిడి పడిపోగానే అది తనంతట తానే మొదలై, నీళ్లు లేకుండా తిరిగి సీలు కాల్చుకుంటుంది. సంపు మోటారు స్విచ్ మీద చీటీ అంటించాలి. ఒకే పైపుతో నీళ్లు ఎక్కించి, దాంతోనే దించే పాత ఇళ్లలో ఎవరైనా మోటారు వేశారంటే తొట్టి వాల్వు మూసి ఉన్నా విప్పిన షవర్‌లోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. మున్సిపల్ లైను నేరుగా బాత్రూం పైపుకు కలిపిన ఇళ్లలోనూ అంతే, నీళ్లు వదిలే వేళకు అవి వచ్చేస్తాయి. ఇంటి ముందు మీటరు దగ్గరి స్టాప్ కాక్ కూడా మూయాలి.

సోలార్ ఉన్న ఇంట్లో చాలామంది చన్నీళ్ల లైను మూసి ఊరుకుంటారు. సోలార్ ట్యాంకు వేన్నీళ్ల లైను వేరు, దాని వాల్వు వేరుగా మూయాలి. ట్యాంకు మీది గాలి పైపు తెరిచి ఉందో లేదో చూడాలి. గాజు గొట్టాల రకమైతే మధ్యాహ్నం పూట నీళ్లు ఖాళీ చేయకూడదు. ఎండకు కాగిన ఖాళీ గొట్టంలో మళ్లీ చన్నీళ్లు పడితే గాజు పగులుతుంది. సోలార్ ఇంట్లో షవర్ పని పొద్దున్నే పెట్టుకోవాలి.

వాల్వులు మూశాక ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న కొళాయి కింద బకెట్టు పెట్టి వదలాలి, పైనున్న కొళాయి ఒకటి గాలి కోసం తెరవాలి. అంగుళం పైపులో మీటరుకు అర లీటరు లోపు, ముప్పావు అంగుళం పైపులో పావు లీటరు నీళ్లుంటాయి. మామూలు ఇంటి లైనులో మిగిలేది ఒక బకెట్టు లోపే. బకెట్టు నిండినా ధార సాగుతోందంటే వాల్వు పట్టలేదు, లేదా ఇంకో దారి నుంచి నీళ్లు వస్తున్నాయి. అది తేలేదాకా షవర్ మీద పానా వేయొద్దు. ధార ఆగాక వాల్ మిక్సర్ (వేన్నీళ్లు, చన్నీళ్లు కలిపే గోడ కొళాయి) వేడి, చల్లని పిడులు రెండూ తెరిచి చూసి, నేల జాలీ మీద గుడ్డ పరిచి, అప్పుడు విప్పాలి.

వాల్వే లేని ఇంట్లో కొందరు తొట్టిలోకి దిగి రంధ్రానికి గుడ్డ కుక్కుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. గుడ్డ పైపులోకి జారిందంటే ఎక్కడ ఇరుక్కుందో వెతకడానికి గోడ పగలగొట్టాలి. తొట్టిలో నీళ్లు బిందెల్లోకి, డ్రమ్ముల్లోకి తోడుకుని, మిగిలినది వాడేసి, ఖాళీ చేసిన ఆ పూటే వాల్వు పెట్టించుకోండి. అప్పుడే వాల్వు తర్వాత ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టి, తొట్టి నీటి మట్టం కన్నా ఎత్తుకు అరంగుళం గాలి పైపు లేపమని చెప్పండి. పై కొస తెరిచే ఉండాలి, దుమ్ము పడకుండా కిందికి వంచాలి. నీళ్లు దిగేటప్పుడు ఇరుక్కున్న గాలి అటుగా పోతుంది.

ఆ గాలి పైపు లేని చోట, పని అయ్యాక వాల్వు తెరిచినా షవర్‌లో నీళ్లు రాకపోవచ్చు. వాల్వును పావు వంతే తెరిచి, కింది కొళాయి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పైకి వదులుతూ రావాలి. తుప్పు, టేపు పీచు షవర్ రంధ్రాల్లో చిక్కకుండా మొదటి నీళ్లు రోజ్ తీసి బయటికి పోనివ్వాలి. అప్పటికీ రాకపోతే, ఒత్తిడితో వస్తున్న మున్సిపల్ కొళాయి నుంచి ట్యూబుతో బాత్రూం కొళాయిలోకి నీళ్లు ఎక్కిస్తే గాలి తొట్టి వైపు తోసుకుపోతుంది. గీజరు నిండి వేన్నీళ్ల కొళాయిలో ధార తెగకుండా వచ్చాకే దాని స్విచ్ వేయాలి. ఆర్మ్ మర చుట్టూ, కొత్త వాల్వు రెండు చివర్లా పొడి కాగితం చుట్టి గంట తర్వాత చూడండి. తడి అంటితే అక్కడే మళ్లీ బిగించాలి.